జడం పలికితే ప్రమాణమా?

ఒకరి మాట ఎప్పుడు ప్రమాణమవుతుంది? కళ్లారా చూడలేనిదాన్ని, ఊహకు అందనిదాన్ని మరొకరు చెబితే నమ్మాల్సి వస్తుంది. అలా తెలుసుకున్నది జ్ఞానమేనా, ఉత్త నమ్మకమేనా? న్యాయశాస్త్రం దీన్ని శబ్దప్రమాణం పేరుతో విచారించింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తర్వాత నాలుగోదిగా గౌతముడు శబ్దాన్ని పెట్టాడు. ఆప్తుడు చెప్పిందే శబ్దప్రమాణం అన్నాడు. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుడికి గుర్తులు చెప్పాడు. విషయాన్ని అతను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివాడికి తెలియజేయాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనన్నాడు. ఆ కాలానికి అది చిన్న మాట కాదు. అయితే ఆ ముగ్గురూ మనుషులే. మాట్లాడేది జడమైతే ఏమిటన్నది ఆయనకు ఎదురుకాని ప్రశ్న.

ఇప్పుడా ప్రశ్న నిజామాబాద్ జిల్లాలో బోరుబావి దగ్గర ఎదురవుతోంది. బోధన్, ఎడపల్లి, వర్ని, కోటగిరి వైపు పొలాల్లో మోటారు పక్కన పెట్టెలో మొబైల్ స్టార్టర్ కనబడుతుంది. కరెంటు వంతులవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో చీకట్లో పాములకు వెరుస్తూ, తడి చేతులతో స్విచ్ నొక్కే బాధ తప్పించుకోవడానికి రైతులు పెట్టించుకున్న సాధనాల్లో ఇదొకటి. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చాక కూడా, ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే మోటారు నడిచే సుఖాన్ని ఎవరూ వదులుకోలేదు. పెట్టెలో ఒక సిమ్ కార్డు, దానికో మోడెమ్, కొన్ని రిలేలు, వీటన్నిటికీ పెద్దగా 3.3 వోల్టులతో నడిచే మైక్రోకంట్రోలర్ ఉంటాయి. గోరంత చిప్పు అది. ఫోను మోగినా మోటారు కదలకపోతే సిగ్నల్ లేదా, ఒక ఫేజు పోయిందా, రిలే అతుక్కుపోయిందా, ప్రోగ్రామే ఎక్కడైనా చిక్కుకుందా అన్నది పైకి తెలియదు. మూత విప్పితే చిప్పు నల్లగా, నోరు మూసుకుని కూర్చుని ఉంటుంది.

దాని చేత మాట్లాడించడానికే చాలా బోర్డుల అంచున మూడు రంధ్రాలు వదిలి ఉంటాయి: పంపేదొకటి, అందుకునేదొకటి, గ్రౌండు ఒకటి. వీటిని కంప్యూటర్ సీరియల్ పోర్టుకు కలిపి, ప్రోగ్రామ్ నడుస్తూ మధ్యమధ్యలో పంపే అక్షరాలను తెర మీద చదవడమే సీరియల్ డీబగ్గింగ్. 'ఒక ఫేజు లేదు' అని తెర మీద వస్తే రిపేరు చేసేవాడు లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాడు. 'రిలే ఆన్' అని వస్తే రిలే మార్చే పనిలో పడతాడు. ఒక్క వాక్యాన్ని బట్టి అతని పగలంతా ఎటు పోతుందో తేలిపోతుంది.

వక్తకు నాలుగు దోషాలుంటాయని శాస్త్రాల్లో ఒక లెక్క ఉంది. ఒకదాన్ని మరొకటిగా అనుకోవడం భ్రమ, ఏమరుపాటు ప్రమాదం, మోసగించాలన్న కోరిక విప్రలిప్స, ఇంద్రియాలు సరిగా పనిచేయకపోవడం కరణాపాటవం. వేదానికి కర్త లేడు కాబట్టి కర్త వల్ల వచ్చే దోషాలూ లేవన్నది మీమాంసకుల వాదం. చిప్పు మాటకు ఆ సౌకర్యం లేదు. ఎవరో రాసిన ప్రోగ్రామే దాని చేత పలికిస్తుంది. కనుక నాలుగు దోషాలూ దానికి వర్తిస్తాయి, పాళ్లే మారతాయి. మనిషిలో అన్నిటికన్నా భయపెట్టేది విప్రలిప్స. చిప్పుతో మొదటి పేచీ అంతా కరణాపాటవంతోనే.

పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టు ఆర్‌ఎస్-232 అనే ఒప్పందాన్ని పాటిస్తుంది. 1960లో అమెరికాలో పుట్టిన ఒప్పందమది. అందుకునే వైపు ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా ఏదైనా సున్నా, మైనస్ 3 నుంచి మైనస్ 15 దాకా ఏదైనా ఒకటి. నడుమనున్న ఆరు వోల్టుల మేరకు అర్థం లేదు. చిప్పు లెక్క వేరు. సున్నా వోల్టుల దగ్గర ఉంటే సున్నా, 3.3 దగ్గర ఉంటే ఒకటి. అంటే పోర్టు గొంతూ పెద్దదే, భాషా తలకిందులే: చిప్పు ఒకటి అనడానికి వోల్టేజీ పెంచుతుంది, పోర్టు ఒకటి అనడానికి సున్నాకు దిగువకు పడేస్తుంది.

ఈ పదానికి ఈ అర్థం అన్న సంబంధాన్ని తార్కికులు సంకేతం అన్నారు. ఆ సంకేతం ఈశ్వరుడి ఇచ్ఛ అని ప్రాచీనులు, ఎవరి ఇచ్ఛయినా సరే అని నవ్యులు. వోల్టేజీల విషయంలో నవ్యులదే గెలుపు. ఒకటి అనేది మైనస్ 12లోనూ లేదు, ప్లస్ 3.3లోనూ లేదు, ఇద్దరు ఒప్పుకున్న చోట ఉంది. బాహుబలి ఏలిన పౌదనపురం బోధనే అని చెప్పే జైన సంప్రదాయం ఒకటుంది. ఆ జైనుల స్యాద్వాదానికి కూడా ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. అదే తీగ, అదే క్షణం, ఒక దృష్టిలో ఒకటి, మరో దృష్టిలో సున్నా. అయితే రెండు దృష్టులూ నిజమే కదా అని తీగలు నేరుగా కలిపితే చిప్పు మాడుతుంది. ఇలాంటి చిప్పుల పిన్నులు గ్రౌండుకు దిగువన అర వోల్టుకు మించి భరించలేవు. మైనస్ 12 వచ్చి తగిలితే లోపలి రక్షణ డయోడు కాసేపు అడ్డుపడి, అదీ పోతుంది.

అందుకని మధ్యన దుబాసీ కావాలి. మ్యాక్సిమ్ సంస్థ 1987లో తెచ్చిన మ్యాక్స్-232 అనే చిప్పు చాలాకాలం ఆ పని చేసింది. దానికి 5 వోల్టులు ఇస్తే చాలు, ప్లస్ 10, మైనస్ 10 తానే తయారుచేసుకుంటుంది. పక్కన నాలుగు కెపాసిటర్లుంటాయి. ఒకదాన్ని నింపి, దాన్ని సరఫరా మీదికి ఎక్కించి రెట్టింపు చేస్తుంది. ఆ రెట్టింపును మరోదాంట్లో నింపి తిరగేసి సున్నాకు దిగువన వోల్టేజీ సంపాదిస్తుంది. ఏతం వేసి నీళ్లు తోడినట్టు ఇదంతా సెకనుకు వేలసార్లు జరుగుతుంది. 3.3 వోల్టుల బోర్డుకు మాత్రం మ్యాక్స్-3232 వాడాలి. అది 3 వోల్టుల నుంచే పనిచేస్తుంది. పాతదాన్నే 5 వోల్టులతో నడిపితే చిప్పు వైపుకు 5 వోల్టుల మాటే పంపుతుంది, చిన్న చిప్పు చెవికి అదీ ఎక్కువే. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో తొమ్మిది పిన్నుల పోర్టు లేదు. ఎఫ్‌టీ232, సీపీ2102, సీహెచ్340 వంటి చిప్పులున్న యూఎస్‌బీ అడాప్టర్లు వచ్చాయి. వీటిలో తలకిందుల గొడవ లేదు కానీ, 5 వోల్టులా 3.3 వోల్టులా అన్న జంపర్ చూసి పెట్టుకోవాలి. 5 వోల్టుల అడాప్టరే చేతిలో ఉంటే అది పంపే తీగలో ఒక కిలో ఓమ్, గ్రౌండుకు రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వేసి నడుమ నుంచి తీసుకుంటే 3.33 వోల్టులు వస్తాయి. స్టార్టర్లలో వాడే సిమ్800 రకం మోడెమ్‌లు ఇంకా సుకుమారం, వాటి పలుకు 2.8 వోల్టులే.

దుబాసీ లేకుండా కూడా పని జరిగిన సందర్భాలుంటాయి. చాలా పోర్టులు ఒకటిన్నర వోల్టు దగ్గరే అటో ఇటో తేల్చేసుకుంటాయి. అందుచేత ప్రోగ్రామ్‌లోనే బిట్లను తిరగేసి చిప్పు తీగను నేరుగా కలిపితే ఒక కంప్యూటర్లో అక్షరాలు శుభ్రంగా వస్తాయి, పక్క కంప్యూటర్లో రావు. ఒప్పందం ప్రకారం ఆ వోల్టేజీకి సగంసేపు అర్థమే లేదు. 12వ శతాబ్దపు శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఇటువంటి చిక్కే తెచ్చాడు. గుప్పిట్లో గవ్వలెన్ని అని ఒకడు అడిగితే రెండోవాడు అయిదని ఊరికే అంటాడు, గుప్పిట విప్పితే అయిదే ఉంటాయి. చెప్పింది నిజమే, కానీ అది జ్ఞానమా? కాకతాళీయంగా సరిపోయిన తెరను నమ్మి రిలే మార్చేవాడిది ఆ గవ్వల పందెమే.

మూడో తీగ సంగతి వేరే చెప్పాలి. వోల్టేజీ అనేది రెండు చోట్ల మధ్య ఉండే తేడా. గ్రౌండు కలపకుండా పంపే తీగ ఒక్కటీ కలిపితే చిప్పు దేన్ని సున్నా అనుకుంటోందో కంప్యూటర్‌కు తెలియదు, తెర మీద పిచ్చి గుర్తులు పడతాయి. ఇక బోరు దగ్గర ఒక ప్రాణాపాయం కూడా ఉంది. చవక స్టార్టర్లు కొన్నింటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, బోర్డు గ్రౌండు నేరుగా 230 వోల్టుల లైనుకే కలిసి ఉంటుంది. గ్రౌండు అని రాసి ఉన్నదల్లా గ్రౌండు కాదు. అలాంటి బోర్డును మెయిన్స్ నుంచి విడదీసి వేరే బ్యాటరీతో నడిపి చూడాలి, లేదా తీగకు బదులు వెలుతురుతో కబురు పంపే ఆప్టోకప్లర్ మధ్యన పెట్టాలి.

ఇంద్రియాలు సరిగానే ఉన్నా వాక్యం కుదరాలి. న్యాయం చదవబోయేవాడి చేతికి మొదట ఇచ్చే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. వాక్యం అర్థం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని ఆయన చెప్పాడు. ఒక మాట మరో మాటను కోరాలి, వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగాలి, వెంటవెంటనే పలకాలి. జాముకో మాట చొప్పున పలికితే అది వాక్యం కాదు. సీరియల్ తీగ మీద ఈ సన్నిధికే బాడ్ రేటు అని పేరు.

తీగను 'ఎ' అనే ఇంగ్లిష్ పెద్దక్షరం దాటే తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. దాని సంఖ్య 65. ఊరికే ఉన్న తీగ ఒకటి దగ్గర ఉంటుంది. ముందుగా ఒక సున్నా పడుతుంది, వస్తున్నాను అన్నట్టు. తర్వాత చిన్న స్థానం నుంచి మొదలుపెట్టి ఒకటి, అయిదు సున్నాలు, ఒకటి, సున్నా. చివర మళ్లీ ఒకటి, అయిపోయిందనడానికి. మొత్తం పది బిట్లు. 9600 వేగంలో ఒక్కో బిట్టు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. అందుకునేవాడి దగ్గర ఆ గడియారం కాపీ లేదు. మొదటి సున్నా పడిన క్షణం నుంచి తన గడియారంతో లెక్కపెట్టుకుని ఒక్కో బిట్టు నడిమధ్యన తొంగిచూస్తాడు. రెండు గడియారాల తేడా వందకు నాలుగైదు పాళ్లు దాటితే పదో బిట్టుకు చేరేసరికి చూపు పక్క బిట్టులో పడుతుంది. మన ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ ల్యాబుల్లో 8051 చిప్పుకు 12 కాకుండా 11.0592 మెగాహెర్ట్జ్ అనే వింత క్రిస్టల్ ఎందుకు పెడతారన్నది ఇక్కడ తేలుతుంది. 11,059,200ను 12తో, 32తో భాగిస్తే 28,800. మూడో వంతు సరిగ్గా 9600. 12 మెగాహెర్ట్జ్ పెడితే వచ్చేది 10,417, ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నా తెర మీద చెత్త పడుతుంది.

ప్రమాదం, అంటే ఏమరుపాటు, తేలికైనది. అక్షరాలు వచ్చే వేగానికి చదివే వేగం చాలకపోతే కొన్ని జారిపోతాయి, వాక్యం మధ్యలో చిల్లులు పడతాయి, చూడగానే తెలుస్తుంది. భ్రమ కనబడదు. కరెంటు కొలిచే సెన్సర్ పాడైతే ఫేజు ఉన్నా లేదనే చిప్పు నమ్ముతుంది, నమ్మినదాన్ని నిక్కచ్చిగా చెబుతుంది.

విప్రలిప్స చిప్పుకు సొంతంగా లేదు. చిప్పు చేత అబద్ధం చెప్పించాలన్న కోరిక మనిషికి ఉండవచ్చు. చెరకు బండి ఎక్కే కాంటాలో ఇది బతుకుతెరువు సమస్య. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైన నాటి నుంచి 2015 డిసెంబరులో మూతపడేదాకా బోధన్ రైతు ఏడాది కష్టం చివరికొక తూకం అంకెగా మారింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాంటాలో పళ్లెం కింది లోడ్ సెల్ కొన్ని మిల్లీవోల్టులు ఇస్తుంది. ఇండికేటర్‌లోని చిప్పు దాన్ని అంకెగా మార్చి సీరియల్ తీగ మీద కంప్యూటర్‌కు పంపుతుంది, కంప్యూటర్ చీటీ అచ్చేస్తుంది. లోడు తూకం, ఖాళీ బండి తూకం రెండూ అలా నలుగురి నోళ్లు దాటి వచ్చినవే. తూనికలు కొలతల శాఖ సీలు వేసేది అందుకే. సీలు ఉన్నా అనుమానం తీరని రైతు దారిలో మరో కాంటా ఎక్కించి చూసుకుంటాడు. జ్ఞానం దానంతటదే ప్రమాణం, బాధకం కనబడేదాకా నమ్మవచ్చు అన్నది మీమాంసకుల స్వతఃప్రామాణ్యం. ప్రమాణమో కాదో తేల్చడానికి మరో జ్ఞానంతో సంవాదం కావాలన్నది నైయాయికుల పరతఃప్రామాణ్యం. బండి రెండుసార్లు తూచుకునే రైతు నైయాయికుల పక్షం.

ఇంతకీ ఆప్తుడెవరు? చిప్పుకు తెలియజేయాలన్న కోరిక లేదు కాబట్టి వాత్స్యాయనుడి లెక్కలో అది ఆప్తుడు కాదు. అప్పుడు రెండు దారులు మిగులుతాయి. శబ్దం వేరే ప్రమాణమే కాదు, అదీ అనుమానమే అని వైశేషికులు, బౌద్ధులు అన్నారు. పొగను బట్టి నిప్పును తెలుసుకున్నట్టే వోల్టేజీ మార్పును బట్టి లోపలి స్థితిని ఊహిస్తున్నాం, అంతే. ఆసిలోస్కోప్ పెట్టుకుని కూర్చునేవాడు నిజంగా చేసేది ఇదే. అతనికి అక్షరాలు లేవు, ఎగిరిపడే గీత ఉంది. రెండో దారి, కోరిక ఉన్నవాణ్ణి వెతకడం. 'ఒక ఫేజు లేదు' అన్న మాటలు చిప్పువి కావు. ఏడాది కిందట ఎక్కడో కూర్చుని ప్రోగ్రామ్ రాసినవాడు ఫలానా కొలత ఫలానా అంకె కన్నా తగ్గితే ఈ మాట పంపు అని పెట్టి వెళ్లాడు. కోరిక అతనిది, బోరు దగ్గర ఉన్నది చిప్పు. చెప్పాలనుకున్నవాడు చూడలేదు, చూసినదానికి చెప్పాలని లేదు. ఆప్తుడి లక్షణాలు ఇద్దరి మధ్య పంపకమయ్యాయి. ఈ రెండో లెక్కే పనిలో నిలబడేది. తెర మీద కనబడేది జరిగినదంతా కాదు, రాసినవాడు ముందే అడగాలనుకున్న ప్రశ్నలకు జవాబులు మాత్రమే. రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చని అతనికి తోచకపోతే చిప్పు 'రిలే ఆన్' అంటుంది, 'రిలే ఆఫ్' అంటుంది, కాంటాక్టుల మాటెత్తదు.

ఇలాంటి సాక్షిని నమ్మే ముందు పరీక్షించాలి. దానికి గోదావరి ఒడ్డునే ఒక పాత పద్ధతి ఉంది. సుత్తనిపాతంలోని పారాయణ వర్గం అస్సక దేశంలో గోదావరి తీరాన ఉన్న బావరి కథతో మొదలవుతుంది. ఆ అస్సకుల, అంటే అశ్మకుల, రాజధాని పోతన నేటి బోధనే అని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. బుద్ధుడు పుట్టాడని విన్న బావరి తన శిష్యులు పదహారుమందిని ఉత్తరానికి పంపాడు. అసలు సందేహాలు అడిగే ముందు ఒక పరీక్ష పెట్టమన్నాడు: నా వయసు, గోత్రం, ఒంటి మీది గుర్తులు, నా దగ్గర చదివేవాళ్ల సంఖ్య మనసులోనే అడగండి. బుద్ధుడు నూటఇరవై ఏళ్లు, బావరి గోత్రం, మూడు గుర్తులు, అయిదువందలమంది అని చెప్పాకే వాళ్లు అసలు ప్రశ్నలకు వచ్చారు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అది. తెలియనిది తెలుసుకోవడానికి కాదు, దారి సరిగా ఉందో లేదో చూడడానికి.

మోడెమ్ పెట్టిన ప్రతివాడూ తెలియకుండానే బావరి పని చేస్తాడు. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ తెచ్చిన అలవాటు ప్రకారం 'ఏటీ' అని రెండక్షరాలు కొడతాడు. 'ఓకే' అని రావాలి. దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. కానీ వోల్టేజీ, గ్రౌండు, వేగం, తీగల అడ్డదిడ్డాలు అన్నీ ఒక్క దెబ్బకు తేలిపోతాయి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే అడాప్టర్ పంపే పిన్నును దాని అందుకునే పిన్నుకే కలిపి, కొట్టిన అక్షరం తిరిగొస్తుందో లేదో చూస్తారు. అది రాకపోతే చిప్పును అనుమానించే ప్రసక్తే లేదు.

సాక్షి అనగానే సాంఖ్యుల పురుషుడు గుర్తొస్తాడు: చూస్తాడు, దేన్నీ అంటడు. చిప్పు అటువంటి సాక్షి కాదు, పనిచేసేదీ చెప్పేదీ అదే. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి సుమారు ఒక మిల్లీసెకను. ఇరవై అక్షరాల సందేశానికి ఇరవై దాటుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక ఆవృత్తి సరిగ్గా 20 మిల్లీసెకన్లు. అంటే 'ఇప్పుడు ఫేజులు చూస్తున్నాను' అని చెప్పే వ్యవధిలో చూడాల్సిన ఆవృత్తి ఒకటి పూర్తిగా దాటిపోతుంది. ఉన్న లోపం సందేశం పెట్టగానే మాయమై, తీసేయగానే తిరిగొచ్చే రోగాలు ఇలా పుట్టినవే. వేగాన్ని 1,15,200కు పెంచినా, అక్షరాలను ముందు ఒక వరుసలో దాచి తీరికగా పంపినా బాధ తగ్గుతుంది కానీ పోదు. అన్నిటికన్నా తక్కువ కదిలించేది ఒక ఖాళీ పిన్నును పైకి కిందికి ఆడించి ఆసిలోస్కోప్‌లో చూడడం. అప్పుడు మాట పోయి గీత మిగులుతుంది. శబ్దం మళ్లీ అనుమానానికి దిగుతుంది.

చివరిది మౌనం. తెర మీద ఏమీ రాకపోతే దానికి అర్థమేమిటి? లేకపోవడాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని భాట్ట మీమాంసకులు, అద్వైతులు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు: ఉండి ఉంటే తప్పక కనబడేదే అయి ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనడానికి వీల్లేదు. 'ఓకే' ఒకసారి వచ్చాక ఫేజు ఫిర్యాదు రాకపోతే, ఫేజు గురించి చిప్పుకు ఫిర్యాదు లేదని అర్థం. 'ఓకే' రాకముందటి మౌనం చీకటి గది. ఇంకో వింత కూడా ఉంది. స్టార్టర్ సరఫరా తీసేసినా, అడాప్టర్ పంపే తీగలోంచి రక్షణ డయోడు గుండా కాస్త కరెంటు లోపలికి చేరి చిప్పును సగం బతికిస్తుంది. దీపం మినుకుమంటుంది, తెగిన అక్షరాలు రెండు మూడు వస్తాయి. స్విచ్ ఆపేశాం కదా అని అది వేరే ఎవరిదో మాట అనుకోవడం మామూలు పొరపాటు.

మౌనానికీ లేమికీ తేడా పట్టుకోవడానికి ఆర్‌ఎస్-232 ఒక ఏర్పాటు చేసి పెట్టింది. టెలిగ్రాఫ్, టెలిప్రింటర్ లైన్లలో మాట లేనప్పుడు కూడా తీగలో కరెంటు పారుతూ ఉండేది, తీగ తెగితే వెంటనే తెలియాలని. ఆ అలవాటే ఇందులోకీ వచ్చింది. ఊరికే ఉన్న తీగ సున్నా వోల్టుల దగ్గర ఉండదు, మైనస్‌లో ఉంటుంది. అందుకని ఏమీ రాని తెర ముందు కూర్చున్నవాడు మల్టీమీటర్ తీసి, దుబాసీ బోర్డు నుంచి కంప్యూటర్ వైపు వచ్చే కేబుల్‌ను పీకి, రెండో పిన్ను తీగ మీద ఎర్ర ముల్లు, అయిదో పిన్ను తీగ మీద నల్ల ముల్లు పెడతాడు. మైనస్ అయిదో, మైనస్ ఎనిమిదో చూపిస్తే అవతల దుబాసీ మేల్కొనే ఉంది, చిప్పు నుంచి మాట రావడం లేదంతే. సున్నా చూపిస్తే అవతల ఎవరూ లేరు, సరఫరా చూసుకోవాలి.